ఆరు గురివింద గింజలు

పరమాణు కేంద్రకమును గూర్చిన పాఠము మా పదియవ తరగతి భౌతికశాస్త్రములో చివరి పాఠములలో నొకటి. హిరోషిమా, నాగసాకి అను పేర్లు సాంఘికశాస్త్రములో రెండవ ప్రపంచ యుద్ధపు పాఠము చివర ఒకే వాక్యములో నుండెను. మొదటిది ఉదయము ఒక ఉపాధ్యాయుడు చెప్పవలసినది. రెండవది భోజనమైన తరువాత మరియొకరు చెప్పవలసినది. మొదటి పాఠములో మనుష్యులు లేరు. రెండవ పాఠములో మనుష్యులు చచ్చిరి గాని, ఎట్లు చచ్చిరో, దాని వెనుక ఎవరెవరు ఏమి చేసిరో లేదు. ప్రియ చదువరీ, మీలో అనేకులు ఈ రీతిగానే చదువుకొని యుందురు. మీ పిల్లలును అట్లే చదువుచున్నారేమో ఒకసారి వారి పుస్తకములు తెరచి చూడుడి.

నేను మాత్రము అట్లు చదువలేదు. అందునుగూర్చిన కృతజ్ఞత మా సైన్సు మాష్టారికి చెందవలెను.

అది 1985-86 విద్యా సంవత్సరము. మా యిల్లు అశోక్‌నగర్‌లో, బడి నారాయణగూడలో. నడుమ చిక్కడపల్లి. ఆ సంవత్సరము ఊరంతయు ఆకాశమువైపు చూచుచుండెను. నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియము క్రొత్తగా తెరచిరి. హేలీ తోకచుక్క వచ్చుచున్నదని పత్రికలు వ్రాయుచుండెను. మా మాష్టారు మాత్రము మమ్మును అన్నిటికంటె చిన్నదానివైపు చూడుమనిరి. ఆయన పశ్చిమ గోదావరి జిల్లావారు. తెలుగు మాట యొక్కటి తప్పినను ఒప్పుకొనెడివారు కారు. పరమాణువు అనవలసిన చోట అణువు అని వ్రాసినయెడల అర మార్కు పోయెడిది. ఏలయనగా శాస్త్రములో పరమాణువులు కూడి అణువగును, రెండును ఒకటి కావు. "అట్లయిన పత్రికలవారు అణుబాంబు అని యేల వ్రాయుదురు, మాష్టారూ?" అని మాలో నొకడు అడిగెను. "వారికి మార్కులు వేయువారు లేరు గనుక" అని ఆయన నవ్విరి. ఆ మాట నాకిప్పటికిని నచ్చును. నేనును ఈ వ్యాసములో లోకుల వాడుకనే పాటింపక తప్పలేదు, ఆయన క్షమించును గాక.

ఒక శనివారము ఆయన సాంఘికశాస్త్రపు గంటను కూడ అడిగి తీసికొని, రెండు గంటలు వరుసగా పాఠము చెప్పిరి. నల్లబల్ల నడుమ నిలువుగా ఒక గీత గీచి, మొదట ఎడమ భాగమును నింపిరి. రూథర్‌ఫర్డ్ శిష్యులు పలుచని బంగారు రేకుమీదికి ఆల్ఫా కణములను పంపగా ఏ కొన్నియో వెనుకకు తిరిగి వచ్చుట. అందునుబట్టి 1911లో ఆయన పరమాణువు నడుమ మిక్కిలి చిన్న కేంద్రకము గలదని తేల్చుట. "లాల్ బహదూర్ స్టేడియమంత పరమాణువును ఊహించుకొనుడి. నడుమ ఒక శనగగింజ నుంచుడి. అదే కేంద్రకము. ఇంచుమించు బరువంతయు ఆ గింజలోనే యున్నది" అనిరి. పిమ్మట 1932లో చాడ్విక్ న్యూట్రానును కనుగొనుట. దానికి విద్యుదావేశము లేదు గనుక కేంద్రకము దానిని త్రోసివేయజాలదు. మాటు లేని ఇంటిలోనికి వలె లోపలికి పోవును. పిమ్మట 1938 డిసెంబరులో బెర్లిను నగరమందు హాన్, స్ట్రాస్‌మన్ అను వారు యురేనియమును న్యూట్రానులతో కొట్టగా అందులో బేరియము కనబడుట. ఇంచుమించు సగము బరువు గల వేరొక మూలకము అందులోనికి ఎట్లు వచ్చెను? కేంద్రకము రెండుగా చీలినది గనుక వచ్చెను. చీలునప్పుడు మరి రెండు మూడు న్యూట్రానులు వెలువడును. అవి మరికొన్నిటిని చీల్చును. దానికి శృంఖల చర్య యని పేరు. ఎనుబది మారులు రెట్టింపైన చాలును, సెకనులో పదిలక్షవ వంతులో ఒక నగరమునకు సరిపడు అగ్ని పుట్టును.

అప్పుడాయన జేబులోనుండి కాగితపు పొట్లము తీసి, ఆరు గురివింద గింజలను బల్లమీద పోసిరి. కంసాలులు బంగారమును తూచుటకు వాడెడి ఎఱ్ఱని గింజలను మేమందరము ఎరుగుదుము. ఆరింటి యెత్తు ముప్పాతిక గ్రామునకు కొంచెము తక్కువ. "హిరోషిమామీద వేసిన బాంబులో యురేనియము సుమారు 64 కిలోలు. అందులో ఒక కిలోకు లోపుగనే చీలెను. చీలిన దానిలోను వేయింట ఒక పాలు మాత్రమే శక్తిగా మారెను. ద్రవ్యముగా నుండుట మాని శక్తియైనది ఇంతే" అని గింజలను చూపిరి. ఒక గ్రాము ద్రవ్యము పూర్తిగా శక్తియైనచో రెండున్నర కోట్ల యూనిట్ల విద్యుత్తు అగునని మాచేత లెక్క చేయించిరి. మా యింటికి నెలకు ఎన్ని యూనిట్లు కాలునో తెలిసిన నాకు ఆ సంఖ్య నోటికి పట్టలేదు.

పిమ్మట గీతకు కుడి ప్రక్కన ఇట్లు వ్రాసిరి: 1945 ఆగస్టు 6, ఉదయము 8 గంటల 15 నిమిషములు. ఆ సంవత్సరాంతమునకు చనిపోయినవారు సుమారు 1,40,000. దాని క్రింద: ఆగస్టు 9, 11 గంటల 2 నిమిషములు, నాగసాకి, 70,000కు పైగా. తరగతిలో మేము నలువది మందిమి. భాగహారము చేయుమనిరి. హిరోషిమాలోనే మా తరగతివంటివి మూడువేల ఐదువందలు.

ఎడమ ప్రక్కనున్న సమీకరణమును, కుడి ప్రక్కనున్న గంటను చూపి ఆయన అడిగిన ప్రశ్న ఇది: "ఈ రెంటి నడుమ ఎందరు మనుష్యులున్నారు?"

విమానము నడిపినవాడు అంటిమి. బాంబు చేసినవారు అంటిమి. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ అని ముందు బల్లవాడు చెప్పెను. "ఇంకను?" అని ఆయన అడుగుచునే యుండిరి. గీతమీదనే పేర్లు వ్రాయసాగిరి. ఆ పేర్ల పట్టికను నేను నోటుబుక్కులో దింపుకొంటిని. ఆ తరువాత నలువది యేండ్లుగా అందులో పేర్లు చేర్చుచునే యున్నాను.

ఆ పట్టికలో మొదటి పేరు లీజె మైట్నర్. యూదుల యింట పుట్టి, 1908లో లూథరన్ సంఘములో బాప్తిస్మము పొందిన స్త్రీ. హాన్‌తో ముప్పది యేండ్లు కలిసి పనిచేసినది. హిట్లరు ప్రభుత్వమునకు బాప్తిస్మముతో పని లేదు, పుట్టుక చాలును. 1938 జూలైలో ఆమె చేతిసంచితో జర్మనీ విడిచి పారిపోయెను. ఆ క్రిస్మసు దినములలో స్వీడనులో మంచుమీద నడుచుచు, అక్క కొడుకు ఫ్రిష్‌తో కలిసి కాగితపు ముక్కమీద లెక్క వేసి, యురేనియము చీలినదనియు, ఎంత శక్తి వెలువడుననియు మొదట గ్రహించినది ఆమెయే. నోబెలు బహుమానము హాన్‌కు మాత్రమే ఇచ్చిరి. బాంబు పనికి రమ్మని ఆమెను పిలిచినప్పుడు రానని చెప్పినది. 1997లో 109వ మూలకమునకు ఆమె పేరు పెట్టిరి. ఆ వార్త చదివిన దినమున నేను మాష్టారిని తలచుకొంటిని.

సిలార్డ్ అను వానిపేరు పట్టికలో రెండు చోట్ల వ్రాసితిని. శృంఖల చర్య సాధ్యమని 1933లోనే ఊహించినవాడతడు. 1939లో ఐన్‌స్టైన్ సంతకముతో అమెరికా అధ్యక్షునికి పోయిన లేఖ వెనుక నున్నవాడును అతడే. అయితే 1945 జూలైలో, జపానుమీద దీనిని ఊరకనే వాడవద్దని డెబ్బదిమంది శాస్త్రజ్ఞుల చేత సంతకములు చేయించినవాడును అతడే. జోసెఫ్ రాట్‌బ్లాట్ అనువాడు, జర్మనీ ఈ బాంబు చేయజాలదని తెలిసిన పిమ్మట 1944 చివరనే ఆ పని విడిచి వెళ్లిపోయెను. 1995లో అతనికి శాంతి బహుమానము వచ్చెను.

మాష్టారు తమ జిల్లా అభిమానమును దాచుకొనలేదు. భీమవరము ప్రాంతపు గొరగనమూడిలో పుట్టి, సన్యాసియై, లివర్‌పూల్‌లో చాడ్విక్ యొద్ద పరిశోధన చేసి, తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పిన స్వామి జ్ఞానానందను గూర్చి చెప్పునప్పుడు ఆయన గొంతు మారెడిది. కాషాయము కట్టినవాడు బీటా కిరణములను కొలుచుట మాకు వింతగా నుండెను. అదే జిల్లాలో మోగల్లు గ్రామమున పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు 1967లో మన హైదరాబాదునకు ఇ.సి.ఐ.ఎల్. సంస్థను తెచ్చిరి. దాని ప్రక్కనే 1971లో న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్సు వెలసెను. పరమాణువు జపానులోను జర్మనీలోను ఉండునది కాదు, మన బస్సు పోవు చోటనే యున్నదని ఆ దినమున తెలిసినది.

పరీక్షలు ముగిసిన వేసవిలో నేను రోజును చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు పోవుచుంటిని. అక్కడ ఫ్యానుక్రింద పత్రికలు చదువువచ్చును, ఎవరును లెమ్మనరు. ఏప్రిలు 26న చెర్నోబిల్‌లో రియాక్టరు పేలినది. మొదట దానిని బయటపెట్టినది ఆ దేశమువారు కారు. స్వీడనులోని కొలతల యంత్రములు. ప్రిప్యాత్ పట్టణస్థులను ఖాళీ చేయించుటకు ఒకటిన్నర దినము పట్టెను. ఆ లోపల పిల్లలు వీధులలో ఆడుకొనుచుండిరి. నేను పట్టికలో ఒక క్రొత్త వరుస చేర్చితిని: తెలిసియు చెప్పనివారు.

వేదాంత కళాశాలలో చదువునప్పుడు ఆ పట్టిక నాకు మిక్కిలి దగ్గరకు వచ్చినది. టినియన్ దీవినుండి హిరోషిమాకు విమానము బయలుదేరకముందు దానిలోనివారి కొరకు ప్రార్థన చేసినవాడు విలియం డౌనీ అను లూథరన్ పాదిరి. అక్కడనే జార్జి జబెల్కా అను కతోలిక గురువును ఉండెను. తాను మౌనముగా నుంటినని తరువాత అతడు బహిరంగముగా ఒప్పుకొని, మిగిలిన జీవితమంతయు యుద్ధమునకు విరోధముగా మాటలాడెను. ఇక నాగసాకిలో రెండవ బాంబు పేలిన చోటికి ఉరకామి దేవాలయము సుమారు అర కిలోమీటరు మాత్రమే. ఆ గడియలో లోపల జనులు పాపములొప్పుకొనుటకు వరుసలో నుండిరి. వారిలో నొకరును బ్రదుకలేదు. ఆ నగరములోనే తకషి నాగాయి అను క్రైస్తవ వైద్యుడుండెను. ఎక్స్‌రే కిరణములతో పనిచేసి చేసి అప్పటికే రక్తపు క్యాన్సరు తెచ్చుకొన్నవాడు. తన యింటి బూడిదలో భార్య యెముకలను ఏరుకొని, మంచము పట్టువరకు రోగులను చూచి, 1951లో చనిపోయెను. పైన ప్రార్థించినవారును, క్రింద ప్రార్థించుచున్నవారును ఒకే ప్రభువు పేరు పలికిరి. డౌనీని నిందించుట సులభమే. యుద్ధమునకు పోవు పిల్లలు క్షేమముగా తిరిగి రావలెనని ఏ పాదిరి కోరడు? అయితే ఆ ప్రార్థనలో హిరోషిమావారికి చోటు లేకపోయెను. అది చదివినది మొదలు, ఎవరి కొరకైనను ప్రార్థించుటకు ముందు, ఈ ప్రార్థన ఎవరి నెత్తిమీద పడునో అని అడుగుట నాకు అలవాటైనది.

1998 మే 11, 13 తేదీలలో పోఖరాన్‌లో రెండవమారు పరీక్షలు జరిగినప్పుడు నేను క్రొత్తగా సంఘ బాధ్యత వహించితిని. ఆదివారమున కృతజ్ఞతా ప్రార్థన చేయుమని కొందరు పెద్దలు కోరిరి. దేశము కొరకు ప్రార్థించితిని. సరిహద్దునకు రెండు ప్రక్కలనున్న పిల్లల కొరకును ప్రార్థించితిని. బాంబు కొరకు చేయలేదు. వారు కొన్ని వారములు నాతో ముభావముగా నుండిరి, అంతే.

మన యువజన కూటములలో ప్రసంగీకులు తరచుగా చెప్పుమాట యొకటి గలదు: విజ్ఞానము కత్తివంటిది, దానితో పండు కోయవచ్చును, పీక కోయవచ్చును. ఈ మాట నాకు గిట్టదు. కత్తి ఒకని చేతిలో నుండును. పరమాణువు అట్లు కాదు. గని త్రవ్వినవాడు, పొడి చేసినవాడు, లెక్క కట్టినవాడు, సంతకము చేసినవాడు, ప్రార్థించినవాడు అను వరుసలో ప్రతివాడును పీకను చూడకుండ తన పని తాను చేయవచ్చును. అందుచేతనే ఆ పట్టిక కావలసినది.

మంచి ప్రక్కన కూడ పట్టిక యున్నది. చిక్కడపల్లిలో కూరగాయలమ్ము మా సంఘస్థురాలొకామెకు గర్భసంచి ముఖద్వారపు క్యాన్సరు వచ్చినప్పుడు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికి నేనును వెంట పోవుచుంటిని. ఆ చికిత్సను మన జనులు "కరెంటు పెట్టుట" అందురు. ఆమె "ఈ కరెంటు ఏ స్తంభము నుంచి వస్తదయ్యగారూ?" అని అడిగినది. చాలకాలము ఆ చికిత్స కోబాల్టుతోనే జరిగెడిది. మామూలు కోబాల్టును రియాక్టరులో న్యూట్రానుల నడుమ నుంచినచో అది కిరణములు విడుచు కోబాల్టుగా మారును, అయిదు సంవత్సరములకు కొంచెము పైగా దాని బలము సగమగును. అదంతయు ఆమెకు చెప్పలేదు. "చాల దూరమునుండి, చాలమంది చేతులమీదుగా వచ్చినదమ్మా" అంటిని. ఆమె బాగుపడి మరి పదునొకండు సంవత్సరములు బజారులో కూర్చుండెను.

అశోక్‌నగర్ నేడు నా చిన్ననాటి అశోక్‌నగర్ కాదు. వీధి వీధికి శిక్షణ కేంద్రములు, హాస్టళ్లు. గ్రంథాలయములో ఉద్యోగ పరీక్షల కొరకు చదువు యువకులు. వారిలో కొందరు మా ఆరాధనకు వచ్చెదరు. రెండేండ్ల క్రితము అట్టివాడొకడు నాయొద్దకు వచ్చెను. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగరమునకు సమీపపు గ్రామము వానిది. పెద్దగట్టు, లంబాపురము ప్రాంతమున యురేనియము గని పెట్టదలచి 2003లో ప్రజాభిప్రాయ సభ జరిపినప్పుడు ఎదిరించినవారిలో వాని నాయనమ్మ యొకతె. ఆ గని తెరువబడలేదు. ఇప్పుడు మనుమడు డిప్లొమా చదివి, ఫ్యూయెల్ కాంప్లెక్సులో ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టెను.

"మా నాయనమ్మ అన్నం ముడతలేదయ్యగారూ. 'ఆ మన్ను తియ్యొద్దని మేము కొట్లాడితిమి, నువ్వు పోయి గా మన్నే వండుతవా బిడ్డా' అంటున్నది. మీరు ప్రార్థన చేస్తే ఊకుంటది" అనెను.

ముందు పాఠము, తరువాత ప్రార్థన అంటిని. జార్ఖండులోని జాదుగూడ నుండియు, మన కడప జిల్లా తుమ్మలపల్లె నుండియు యురేనియము పిండి వచ్చును. దానిని శుద్ధిచేసి, బిళ్లలుగా ఒత్తి, కొలిమిలో కాల్చి, జిర్కోనియము గొట్టములలో నింపుదురు. ఆ గొట్టములను అర మీటరు పొడవున కట్టగా చేర్చి విద్యుత్తు రియాక్టర్లకు పంపుదురు. ఆ సహజ యురేనియములో చీలునట్టి రకము నూటికి ఒక పాలైనను లేదు. దానితో నేరుగా హిరోషిమా బాంబు కాదు. అయితే రియాక్టరులో కాలిన యురేనియమునుండి ప్లుటోనియము తీయవచ్చును. 1974లో పోఖరాన్‌లో పేల్చినది ట్రాంబేలోని సైరస్ అను పరిశోధన రియాక్టరులో పుట్టిన ప్లుటోనియము. 2006లో మన ప్రభుత్వము 22 విద్యుత్తు రియాక్టర్లలో 14ను అంతర్జాతీయ తనిఖీక్రిందికి తెచ్చుటకు ఒప్పుకొని, మిగిలినవి విడిగా నుంచుకొనెను. తుమ్మలపల్లె చుట్టుప్రక్కలవారు తమ బోరునీరు చెడినదని మొరపెట్టుకొనుచునే యున్నారు. ఇవన్నియు వానికి చెప్పితిని. మీ నాయనమ్మ మూర్ఖురాలు కాదు, ఆమె పేరు కూడ నా పట్టికలో వ్రాసితినని చెప్పితిని.

"అయితే పోవద్దంటారా?" అని అడిగెను.

పొమ్మనియు, వద్దనియు నేననలేదు. కాగితము మీద రెండు వరుసలు వ్రాయుమంటిని: నీ చేతికి వచ్చులోపల ఆ పదార్థము ఎవరెవరి మీదుగా వచ్చును, నీ చేయి దాటిన తరువాత ఎవరెవరి యొద్దకు పోవును. వాడు గంటసేపు కూర్చుండి వ్రాసెను. చివర, ఎవరును అడుగకుండనే, తాను ఏ పని చేయుమన్నను చేయనిది ఏదో మూడు పంక్తులలో వ్రాసి, మడిచి జేబులో పెట్టుకొనెను. అది నాకు చూపలేదు, నేనును అడుగలేదు. అప్పుడు ప్రార్థించితిమి. ఉద్యోగము రావలెనని వాడు ప్రార్థించెను. గని పనివారి ఊపిరితిత్తుల కొరకును, తుమ్మలపల్లె బోరునీటి కొరకును, ఆ కాగితము వాని జేబులోనే యుండవలెననియు నేను ప్రార్థించితిని.

ఉద్యోగము వచ్చినది. మొదటి జీతముతో నాయనమ్మకు పోచంపల్లి చీర కొనుక్కొని పోయెను. అది ఆ ఫ్యాక్టరీ మన్ను తగిలిన చేతులతో తెచ్చినది గనుక, మూడు మారులు ఉతికించిన తరువాతనే ఆమె కట్టుకొనినదట.